తెర అంచున నిలబడ్డ మనిషి

ఇరవై ఆరేళ్ళు సినిమా ఆపరేటర్‌గా పనిచేశాను. ఈ ఇరవై ఆరేళ్ళలో నన్ను ఎవరు ఏమన్నారో, ఎక్కడ నిలబడి అన్నారో, ఆ వారం ఏ సినిమా నడుస్తోందో కూడా చెప్పగలను. జాబితా కూడా రాసి పెట్టుకున్నాను. మా ఇంట్లో దీన్ని జబ్బు అంటారు. నేను జ్ఞాపకశక్తి అంటాను.

కాబట్టి మొదట నేల క్లాసులో కూర్చున్న ఒకాయన సంగతి చెప్పాలి. మాది మంచిర్యాల పక్క బొగ్గుబావుల ఊరు. అప్పటికి నేను అక్కడి టాకీసులో రెండో ఆపరేటర్‌ని. ఒకరోజు మాట్నీలో బొమ్మ పడగానే ఆయన లేచి నిలబడి, వెనక్కి తిరిగి, నా కేబిన్ కిటికీ వైపు చూస్తూ గట్టిగా అరిచాడు.

"ఏందిరా ఆపరేటరూ! తెర ఇంత ఉంటే సగమే చూపెడుతున్నవ్. మిగిలింది ఇంటికి దుప్పటికి దాసుకున్నవా?"

హాలంతా నవ్వింది. బాల్కనీ కూడా నవ్వింది. ఆ నవ్వు ఇవాళ్టికీ నా చెవిలో ఉంది.

మీరు ఈ కాలం పిల్లలు. ఫోన్‌లో సినిమా పెట్టుకుంటారు. కొన్ని సినిమాలకు పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి. రెండు వేళ్ళతో లాగుతారు. బొమ్మ పెద్దదై తెర నిండుతుంది, పట్టీలు పోతాయి. పట్టీలతో పాటు ఇంకేం పోయిందో మీరెప్పుడూ వెతికి ఉండరు. నేనూ వెతకలేదు. వెతికిన మనిషి ఒకామె. ఆమె గురించే ఇది రాస్తున్నాను.

సినిమాస్కోప్ బొమ్మ తువ్వాల లాంటిది. అడ్డంగా పొడుగు ఎక్కువ. మా తెరేమో చేతిరుమాలు లాంటిది. నలుపూ తెలుపూ సినిమాల కాలంలో కట్టిన గోడ అది, ఇంచుమించు పాత టీవీ ఆకారం. రుమాలు మీద తువ్వాల మొత్తం కనబడాలంటే తువ్వాలను చిన్నది చేయాలి. అప్పుడు పైనా కిందా తెర ఖాళీగా మిగులుతుంది. లేదంటే రుమాలు నిండేటట్టు తువ్వాలను పెద్దగానే ఉంచి, రెండు కొసలూ కోసేయాలి. ఉన్నవి ఈ రెండు దారులే. మొదటిదాంట్లో అంతా కనబడుతుంది గానీ చిన్నగా. రెండోదాంట్లో తెర నిండుతుంది గానీ కొసలు పోతాయి.

నేల క్లాసు ఆయన అరిచిన మర్నాటి నుంచే నేను రెండో దారి పట్టాను.

మిషన్‌లో ఫిల్మ్‌కు ఎదురుగా ఒక ఇత్తడి రేకు ఉంటుంది. దానికి కిటికీలాగా చిన్న రంధ్రం. దాన్ని ప్లేటు అనేవాళ్ళం. ఆ రంధ్రంలోంచి వెలుతురు ఎంత మేరకు పోతే తెర మీద అంతే బొమ్మ. నేను కొత్త ఇత్తడి ముక్క సంపాదించి, మూడు మధ్యాహ్నాలు కూర్చుని, ఆకురాయితో అరగదీసి, మా తెరకు సరిగ్గా సరిపోయే రంధ్రం చేశాను. మూతపడ్డ ఒక టాకీసు నుంచి బొమ్మను పెద్దగా చూపే లెన్స్ తెచ్చి బిగించాను. ఆ వారం బొమ్మ పడగానే తెర ఈ మూల నుంచి ఆ మూలదాకా నిండిపోయింది. నేల క్లాసులో ఈలలు. ఇద్దరు మనుషులు చెరో కొసన నిలబడి మాట్లాడుకునే సీన్లలో రెండు ముక్కులు మాత్రమే కనబడేవి, నిజమే. ఎవరూ అడగలేదు.

మేనేజర్ గేటు పక్కన బోర్డు మీద 'ఫుల్ స్క్రీన్' అని ఎర్ర రంగుతో రాయించాడు. ఆలోచన తనదేనని ఊరంతా చెప్పుకున్నాడు. అదీ నాకు గుర్తుంది.

మెచ్చుకోనివాడు ఒక్కడే. మా హెడ్ ఆపరేటర్. అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. ఇంట్లో ఉర్దూ, కేబిన్‌లో తెలుగు. మిషన్‌తో ఏ భాషలో మాట్లాడేవాడో తెలియదు గానీ, అది ఆయన మాట వినేది. నా ప్లేటును వెలుతురుకు పెట్టి చూశాడు. చేసిన పనితనం చూశాడు, అంచులు వేలితో తడిమాడు.

"పని సాఫ్‌గ చేసినవ్ మియా. కానీ తీసినాయన పాగల్ కాదు గదా? గా కొసలల్ల ఏదో పెట్టిండు గనుకనే అంత పొడుగు తీసిండు."

"చూసేటోళ్ళకు లేని ఫికర్ మనకెందుకు ఉస్తాద్?" అన్నాను.

ఆయన పాత ప్లేటూ పాత లెన్సూ తీసుకుని వెళ్ళిపోయాడు. పారేశాడనుకున్నాను. తర్వాత ఏళ్ళ తరబడి పక్కపక్కనే పనిచేశాం, నా ఫుల్ స్క్రీన్ బాగుందని ఒక్కసారీ అనలేదు. ఇదీ నా జాబితాలో రాసుకున్నాను.

*

ఏళ్ళు గడిచాయి. ఇళ్ళల్లోకి సీడీలు వచ్చాయి. ఒక మధ్యాహ్నం మాట్నీ అయిపోయి, ఫస్ట్ షోకు ఇంకా టైముండగా కేబిన్ మెట్లెక్కి ఒకామె వచ్చింది. బొగ్గు కంపెనీ దవాఖానాలో ఆయాలు కట్టే చీర. వెంట ఎనిమిదేళ్ళ ఆడపిల్ల. నేను చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటున్నాను. పిల్లకు ఒక బిస్కెట్ అందించబోయాను. పిల్ల ఎడమ చేయి చాపింది. తల్లి ఆ చేతి మీద చిన్నగా కొట్టింది.

"పుర్రచేత్తోని తీస్కుంటరా? కుడి చెయ్యి పెట్టు."

"బాపు గిట్లనే తీస్కునేటోడని నువ్వే అంటివి గదా అవ్వా."

"అంటి. ముందుగాల కుడి చెయ్యి పెట్టు."

పిల్ల కుడిచేత్తో తీసుకుని, వెంటనే ఎడమచేతిలోకి మార్చుకుని తిన్నది.

ఆమె ఒక సినిమా పేరు చెప్పి, అది మళ్ళీ ఎప్పుడు వేస్తారని అడిగింది. పాత సినిమా, ఇప్పుడెవరు వేస్తారమ్మా అన్నాను.

"నన్ను గుర్తువట్టలే సారూ మీరు," అన్నది.

నాకు కోపం వచ్చింది. గుర్తుపట్టకపోవడమన్నది నా ఒంట్లో లేదు. కానీ నిజంగానే గుర్తు రాలేదు. ఆమె చెప్పింది. ఆరేళ్ళ కింద అదే సినిమా మా టాకీసుకు వచ్చినప్పుడు పిల్లను చంకనేసుకుని వచ్చిందట. ఆట అయ్యాక ఇవే మెట్లెక్కి, "సారూ, గీ సినిమాల మా ఆయన ఉండాలె, కనపడలే" అన్నదట. నేను రీలు చుడుతూ, తలెత్తకుండా, "ఎవరమ్మా మీ ఆయన? హీరోనా?" అన్నానట. గేటు కాడి మనిషి పకపకా నవ్వాడట. తర్వాత నేనే, "నీకు యాది తప్పినట్టుంది, వేరే సినిమా అయ్యుంటది, పో" అన్నానట.

"గట్లన్ననా?" అన్నాను.

"గట్లనే అన్నరు. నీలం అంగీ ఏసుకున్నరు గా రోజు."

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను. జీవితంలో మొదటిసారి నాలాంటి మనిషి నాకు ఎదురుపడింది. అదీ నా మీద జాబితా రాసుకున్న మనిషి.

ఆమె చెప్పిన సంగతి ఇది. పెండ్లయిన కొత్తలో మా దిక్కు రైల్వేస్టేషన్‌లో సినిమా షూటింగ్ జరిగింది. ఆమె భర్త బొగ్గుబాయిలో కార్మికుడు. డ్యూటీకి పోవడానికి ఆ పొద్దు ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు. షూటింగ్ వాళ్ళు, ఎవరూ కెమెరా దిక్కు చూడొద్దు, రోజూ ఉన్నట్టే ఉండండి అన్నారట. ఆయన రోజూ ఉన్నట్టే స్తంభానికి ఆనుకుని చాయ్ తాగాడు. సినిమా కరీంనగర్‌లో ఆడుతుంటే భార్యను బస్సెక్కించుకుని తీసుకుపోయి చూపించాడు.

"నేను హీరోను చూస్తుంటి. ఆయన భుజం మీద పొడిచి, గదిగో గదిగో అన్నడు. నేను చూసేలోపల్నే పోయిండు. ఇగ కోపంతోని రొండో ఆట గూడ కూసోవెట్టిండు. గప్పుడు సక్కగ చూసిన."

పిల్ల పాకే వయసులో ఉండగా పచ్చకామెర్లతో ఆయన పోయాడు. ఆయన ఉద్యోగం కింద ఆమెకు దవాఖానాలో పని ఇచ్చారు. ఇంట్లో ఆయనది ఒక్క పెండ్లి ఫొటో ఉంది. అందులో కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"గీమెకు వాళ్ళ బాపు మొఖం తెల్వదు సారూ. నడిచే తీరు తెల్వదు. గా సినిమాల కొద్దిసేపైనా ఉండె. ఏడవోయిండు?"

కేబుల్ టీవీ అతన్ని బతిమాలి వేయించిందట. లేడు. పక్కింట్లో సీడీ తెప్పించి చూసిందట. లేడు. అందరూ నేనన్న మాటే అన్నారట, యాది తప్పిందని. కానీ ఆమె వదిలిపెట్టలేదు. ఆ స్టేషన్ సీను మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని చూసింది. చూసి ఒకటి పట్టుకుంది.

"చాయ్ అమ్మేటాయన ఉన్నడు సారూ. గ్లాసు పట్టుకొని చెయ్యి చాపుతుండు. చెయ్యి టీవీ బయటికి పోయింది. మల్ల లోపలికొచ్చేసరికి చేతుల గ్లాసు లేదు." ఆమె తన చేయి చాపి, వెనక్కి తీసుకుని, ఖాళీ అరచేయి నాకు చూపించింది. "ఇచ్చెటోడు ఉండె. గ్లాసు పాయె. మరి తీస్కున్నోడు ఏడున్నడు?"

ఎన్నో ఏళ్ళు సినిమాలు వేసిన నాకు, బొమ్మకు బయట ఏముందని ఎప్పుడూ తట్టలేదు. బడి మొఖం ఎంతవరకు చూసిందో తెలియని ఆ మనిషికి తట్టింది. ఆ ఖాళీ అరచేయి చూసిన నిమిషం నుంచి ఆమె మీద నాకు కలిగిన గౌరవం ఇప్పటిదాకా తగ్గలేదు.

గౌరవం వెనకే నా పాత గుణం కూడా లేచింది. ఫిర్యాదు చేయడానికి ఇంత మంచి కారణం నాకెప్పుడు దొరికింది? భుజం మీది తువ్వాల తీసి బల్ల మీద పరిచాను. దాని మీద రుమాలు పెట్టాను. టీవీ వాళ్ళు తెర నింపడానికి కొసలు ఎట్లా కోస్తారో, సీడీ వాళ్ళు ఎట్లా కోస్తారో కోపంగా చెప్పాను. వాళ్ళకు ఉత్తరాలు రాస్తానన్నాను. మనుషుల్ని కోసే హక్కు ఎవరిచ్చారని అడుగుతానన్నాను.

ఆమె తువ్వాల ఎడమ కొస పట్టుకుని చూసింది.

"గీడ ఉన్నడన్నట్టు."

"అక్కడే ఉన్నడు చెల్లె. ఎక్కడికీ పోలే."

"మరి మీ టాకీసుల గూడ లేకుండె గదా సారూ. మీరు గూడ కోసిండ్రా?"

నేను తువ్వాల మడిచాను. చాలా పద్ధతిగా, నాలుగు మడతలు మడిచాను. "ప్రింట్ తెగిపోయి ఉంటది. పాత ప్రింట్లు గట్లనే ఉంటయి," అన్నాను.

పిల్ల బిస్కెట్ పొడి నాకుతూ నా మొఖంలోకే చూస్తోంది.

*

టీవీ వాళ్ళకు ఉత్తరం రాశాను. మా కార్యక్రమాల మీద మీ అభిమానానికి ధన్యవాదాలు అని అచ్చువేసిన కార్డు వచ్చింది. అది ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో ఉంది. సీడీ వాళ్ళు అదీ పంపలేదు.

ఇక ప్రింటే తేవాలి. కరీంనగర్‌లో సినిమా బాక్సులు పంపే ఆఫీసుకు పోయాను. మొదటిరోజు, సారు లేడన్నారు. రెండోసారి పోతే సారు ఉన్నాడు, గానీ కూర్చోమనలేదు. ఎదురుగా నాలుగు ఖాళీ కుర్చీలు. నిలబడే చెప్పాను.

"గా సినిమా ఇప్పుడెవడు చూస్తడయ్యా?"

"ఒకామె చూస్తది."

ఆయన నవ్వి ఫోన్ ఎత్తాడు. మూడోసారి పోయినప్పుడు కుర్చీ నేనే లాక్కుని కూర్చున్నాను. పొద్దుటి నుంచి సాయంత్రందాకా లేవలేదు. వచ్చిన ప్రతి మనిషికీ నా ఫిర్యాదు మొదటి నుంచి చెప్పాను. చివరకు ఆయనే విసుగెత్తి గోదాం తాళం తీయించాడు. నన్ను వదిలించుకోవడానికి ఇచ్చాడని తెలుసు. నా మొండితనం వల్ల లోకానికి ఉపకారం జరిగింది అదొక్కసారే. మా మేనేజర్‌ను కూడా అట్లాగే విసిగించి, ఆదివారం నుంచి మూడు రోజులు మార్నింగ్ షోలకు ఒప్పించాను.

శనివారం మధ్యాహ్నం బస్సు మీద బాక్సులు దిగాయి. కేబిన్‌లో నాలుగో రీలు తీసి, స్టేషన్ సీను వచ్చేదాకా విప్పి, ఫిల్మ్‌ను కిటికీ వెలుతురుకు పెట్టి భూతద్దంతో చూశాను.

ఉన్నాడు.

స్కోప్ ఫిల్మ్ మీద మనుషులు నొక్కినట్టు సన్నగా, పుల్లల్లా ఉంటారు. మిషన్ ముందరి లెన్స్ వాళ్ళను మళ్ళీ మనుషుల్లా విప్పుతుంది. ఆ పుల్లల్లో ఎడమ కొసన ఒక పుల్ల. స్తంభానికి ఆనుకుని, చేతిలో గ్లాసు. ప్రింట్ ఎక్కడా తెగలేదు. అన్నేళ్ళూ ఆయన నిలబడ్డ చోటే నిలబడి ఉన్నాడు.

మిషన్‌లోంచి నా ప్లేటు ఊడదీశాను. నేను మూడు మధ్యాహ్నాలు అరగదీసిన ప్లేటు. దాన్ని తెచ్చి ఆ ఫిల్మ్ ముక్క మీద పెట్టాను. హీరో కనబడుతున్నాడు. రైలు పెట్టె కనబడుతోంది. చాయ్ అమ్మేవాడు, అతని చేయి మోచేతిదాకా కనబడుతోంది. ఎడమ కొసన ఆ మనిషి మీద నా ఇత్తడి ఉంది. ప్లేటు తీస్తే ఉన్నాడు. పెడితే లేడు. ఎన్నిసార్లు తీసి పెట్టానో గుర్తు లేదు.

టీవీ వాళ్ళకు రాసిన ఉత్తరంలో ఒక వాక్యం ఉంది: 'ఒక మనిషిని తెర మీది నుంచి నెట్టేసి, ఆయన లేనేలేడని భార్యకు చెప్పడానికి మీకు మనసెట్లా వచ్చింది?' ఆ వాక్యం రాసినప్పుడు నాకు చాలా గర్వంగా అనిపించింది. ఇప్పుడది చిరునామా మార్చుకుని నా దగ్గరికే వచ్చింది.

ఉస్తాద్ మిషన్ అవతల నిలబడి చక్రాలకు నూనె వేస్తున్నాడు.

"ఉస్తాద్," అన్నాను. "పాత ప్లేటు..."

ఆయన చేయి తుడుచుకుని, తన రేకు పెట్టె తెరిచాడు. అడుగున ఒక మెత్తటి గుడ్డ మూట. విప్పాడు. పాత ప్లేటు, పాత లెన్స్. లెన్స్ అద్దం నిన్న కొన్నట్టు మెరుస్తోంది.

"పారేస్తివనుకున్న."

"మంచి ప్లేట్ మియా. దానిదేం తప్పు?" అన్నాడు. "పండుగ పండుగకు తుడుస్తున్న."

అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు. అంటే బాగుండేది. ఆయన మీద జాబితాలో ఇంకొకటి రాసుకుని తేలికపడేవాణ్ణి.

*

ఆదివారం మార్నింగ్ షో. హాలు పావు వంతు నిండింది. ఆమె, పిల్ల బెంచీ క్లాసులో కూర్చున్నారు. ప్లేటు సంగతి ఆమెకు చెప్పలేదు. చెప్పే ధైర్యం రాలేదు.

బొమ్మ పడింది. పైన ఒక గజం, కింద ఒక గజం తెర ఖాళీ. నడుమ సన్నగా, పొడుగ్గా బొమ్మ. నాలుగు నిమిషాలు కూడా కాలేదు, నేల నుంచి మొదలైంది.

"ఏమైందిరో తెరకు? ఉతికితే గుంజుకపోయిందా?"

"ఓ ఆపరేటరూ, నిద్ర లేవలేదా ఇంకా?"

అదే నవ్వు. అన్నేళ్ళ కింద విన్నదే. చెయ్యి పెద్ద లెన్స్ వైపు పోబోయింది. అబద్ధం చెప్పను. ఒక్క క్షణం పోయింది.

మేనేజర్ మెట్లు ఎగబాకుతూ వచ్చాడు. "ఏందయ్యా ఇది? బయట బోర్డు మీద ఫుల్ స్క్రీన్ అని ఉన్నది!"

"రాయించింది మీరే గద సార్."

"పెద్ద లెన్స్ పెట్టు. ఇప్పుడే పెట్టు. కుర్చీలు ఇరగ్గొడుతరు."

ఉస్తాద్ వచ్చి మేనేజర్‌కూ మిషన్‌కూ నడుమ నిలబడ్డాడు. మూల నుంచి స్టూలు తెచ్చి, తన తువ్వాలతో దులిపి, ముందర పెట్టాడు.

"సాబ్, నాలుగో రీలు అయిపోయేదాక జర గిట్ల కూసోండ్రి. గది అయినంక కావాలంటే నన్ను నౌకరీలకెళ్ళి తీసేయిండ్రి."

అంత చదువుకున్న మేనేజర్, ఆ ముసలాయన గొంతు విని నిజంగానే కూర్చున్నాడు. ఉస్తాద్ నా వైపు తిరిగాడు.

"మిషన్ నేను చూస్తా. నువ్వు కిందికి పో."

ఆట నడుస్తుండగా హాల్లోకి నేనెప్పుడూ దిగలేదు. చీకట్లో గోడ పట్టుకుని, వాళ్ళ వరుస పక్కన నిలబడ్డాను. పైనుంచి చూస్తే సన్నగా అనిపించిన బొమ్మ కింది నుంచి చూస్తే అట్లా లేదు. నాలుగో రీలు వచ్చేసరికి స్టేషన్ ఈ గోడ నుంచి ఆ గోడదాకా పరుచుకుని ఉంది. మూటల మీద కూర్చున్న ఆడవాళ్ళు, పట్టాల మీదికి వంగి చూసే ముసలాయన, కొసన కొళాయి కింద మొఖం కడుక్కునే మనిషి. ఇంతమంది ఉన్నారా ఈ సినిమాలో అనుకున్నాను. ఆ కెమెరా పట్టినాయన ఎవరో గానీ, ఎవరినీ వదిలిపెట్టలేదు. వదిలిపెట్టింది మేమే.

రైలు ఆగింది. హీరో దిగుతున్నాడు. చాయ్ అమ్మేవాడు గ్లాసు పట్టుకుని చేయి చాపాడు. ఈసారి ఆ చేయి తెర బయటికి పోలేదు. పోయి పోయి ఒక మనిషి దగ్గర ఆగింది.

బక్కపలచని మనిషి. భుజం మీద తువ్వాల, పక్కన టిఫిన్ గిన్నె. ఆయన ఎడమ చేయి చాపి గ్లాసు అందుకున్నాడు. ఊదాడు. ఒక గుటక తాగి, ఒక కాలు మడిచి స్తంభానికి ఆనించి, ఎవరినో చూసి నవ్వాడు. కెమెరాను చూడొద్దన్నారు కాబట్టి కెమెరాను చూడలేదు.

"గదిగో," అన్నది ఆమె. భర్త ఆమె భుజం పొడిచి అన్న మాటే. అంతే. ఏడవలేదు.

పిల్ల బెంచీ మీద లేచి నిలబడింది. "పుర్రచెయ్యి! అవ్వా, పుర్రచెయ్యి!"

హాలంతా వినబడింది. నేల నుంచి, తెర గుంజుకుపోయిందన్న గొంతే, "ఎవలు బిడ్డా?" అన్నది.

"గా కొసకున్నడు చూడుండ్రి. మా బాపు!"

తలలన్నీ ఎడమకు తిరిగాయి. మా టాకీసు కట్టినప్పటి నుంచి హీరోను వదిలేసి జనమంతా తెర అంచు వైపు చూడడం అదే మొదటిసారి అయ్యుంటుంది. రైలు కదిలింది, సీను మారింది. ఎవరూ ఈల వేయలేదు. అదే గొంతు, "ఆపరేటరూ, గా రీలు మల్ల ఒకపారి ఎయ్యి" అన్నది.

ఉస్తాద్ తన సర్వీసంతటిలో నడుస్తున్న ఆటను ఎప్పుడూ ఆపినవాడు కాదు. ఆరోజు ఆపాడు. రీలు వెనక్కి చుట్టి మళ్ళీ వేశాడు. మేనేజర్ స్టూలు మీది నుంచి లేచి ఏమైనా అన్నాడా అని తర్వాత అడిగాను. లేవలేదు, కిటికీలోంచి చూడడానికి స్టూలు ముందుకు జరుపుకున్నాడు అని చెప్పాడు ఉస్తాద్.

ఆట అయ్యాక ఆమె మెట్ల దగ్గర నిలబడింది. నేను కేబిన్‌కు పోయి నా ప్లేటు తెచ్చి, ఆమె చేతిలో పెట్టాను.

"టీవీ వాళ్ళ సంగతి ఏమో గానీ చెల్లె, ఈడ కోసింది నేనే. ప్రింట్ తెగలేదు. నీకు యాది తప్పలేదు. నేను తప్పు చెప్పిన. రెండుసార్లు చెప్పిన."

ఆమె ప్లేటు అటూ ఇటూ తిప్పి చూసింది.

"తెలుసు సారూ. తువ్వాల చూపెట్టిన రోజే తెలిసింది. మీరు గూడ కోసిండ్రా అంటే మీరు తువ్వాల మడుస్తుంటిరి."

"మరి అప్పుడే అడగకపోయినవా?"

"అడిగితే మీకు కోపమొస్తది. కోపమొస్తే బాక్స్ తేకపోతురు." ప్లేటు నా చేతికి తిరిగి ఇచ్చింది. "మీకు కోపం జల్ది వస్తదని గేటు కాడ చెప్పిండ్రు."

ఫిర్యాదు చేయడం నాకు వచ్చని అనుకునేవాణ్ణి. ఎప్పుడు చేయాలో, ఎప్పుడు నోరు మూసుకుని మనిషితో పని చేయించుకోవాలో ఆమె దగ్గర చూశాను. నాకు అది ఇప్పటికీ రాలేదు.

ఆ సినిమా వెళ్ళిపోయాక కూడా నేను పాత ప్లేటు తీయలేదు. పైనా కిందా నల్లగుడ్డ కట్టించాం. బోర్డు మీది ఎర్ర అక్షరాలను మేనేజర్ తనే తుడిపించాడు, ఆ ఆలోచన కూడా తనదేనని చెప్పుకున్నాడు. ఉస్తాద్ కొన్నేళ్ళ కింద కాలం చేశాడు. టాకీసు ఇప్పుడు ఫంక్షన్ హాలు. నా ప్లేటు మాత్రం ట్రంకు పెట్టెలో, నన్ను ఇతరులు అన్న మాటల జాబితా మీదే ఉంది. పెట్టె తెరిస్తే మొదట అది తీసి పక్కన పెడితే గానీ జాబితా చేతికి రాదు.

ఆ ఆదివారం ఇంకొకటి జరిగింది. గేటు బయట చాయ్ హోటల్ ఉండేది. ఆమె పిల్లకు పాలు చెప్పింది. నేనూ పక్కనే నిలబడ్డాను. హోటలాయన గ్లాసు అందించబోయాడు. పిల్ల ఎడమ చేయి చాపింది.

ఆయన గ్లాసు వెనక్కి తీసుకున్నాడు. "కుడిచేత్తోని తీస్కోవాలె బిడ్డా."

పిల్ల తల్లి వైపు చూసింది. ఎప్పటిలా చేతి మీద దెబ్బ పడుతుందని చేయి సగం వెనక్కి తీసుకుంది కూడా.

"ఇయ్యి అన్నా," అన్నది ఆమె. "గా చేతికే ఇయ్యి."